ఒకరు తక్కువ

మా మాస్టారికి ఒక్కటే జబ్బు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తలలు లెక్కపెట్టేవారు. లెక్కపెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఒకరు తక్కువ" అనేవారు. గదిలో ముగ్గురున్నా ఒకరు తక్కువే, మూడొందల మంది ఉన్నా ఒకరు తక్కువే. ఆ తక్కువైన మనిషి కోసం ఒక కుర్చీ ఖాళీగా వదిలేదాకా ఆయన నోటి నుంచి ఇంకో మాట వచ్చేది కాదు. యూనివర్సిటీలో అందరూ ఆయన్ని కుర్చీ మాస్టారు అనేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు అదేదో పెద్ద హోదా అనుకుని కాస్త వంగి నమస్కారం పెట్టేవాళ్లు.

"ఎవరు తక్కువ సార్?" అని అడగడం మా అందరం ఒక్కోసారి చేసిన తప్పు.

"ఇక్కడ మనం తేల్చబోయే సంగతి ఎవడి నెత్తిన పడుతుందో, వాడు. వాడెప్పుడూ గదిలో ఉండడమ్మా. ఉంటే మనం అలా తేల్చం."

ఆయన చెప్పేది ఎం.ఎ.లో రాజకీయ ఆర్థిక తత్వశాస్త్రం. ఎవరికి ఎంత దక్కాలి, ఎందుకు దక్కాలి, ఆ మాట ఎవరు తేల్చాలి అనే మూడు ప్రశ్నలు రెండేళ్ల పాటు చదివితే పట్టా ఇస్తారు. జవాబులు మాత్రం ఇవ్వరు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి నన్ను అక్కడిదాకా చదివించిన మా అమ్మకి ఈ సంగతి ఎంతకీ మింగుడుపడలేదు.

"ఇది చదివితే ఏమవుతావే?"

"ఏమీ అవనమ్మా. ఆలోచించడం వస్తుంది."

"దానికి రెండు బస్సులు మారి వెళ్లాలా? ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవచ్చుగా."

ఈ ప్రశ్న మా యూనివర్సిటీ పెద్దలకి కూడా వచ్చినట్టుంది, మాది ఆఖరి బ్యాచ్ అని మేం చేరిన వారానికే నోటీసు అంటించారు. మా తర్వాత కొత్తవాళ్లని తీసుకోరు, మాలో ఎవరైనా మధ్యలో ఆగిపోతే మళ్లీ చేర్చుకోరు. మేం నలుగురం. ఉద్యోగం మానేసి వచ్చిన బ్యాంకాయన, కోర్టుకి వెళ్తూనే చదివే లాయరమ్మ, నెలకోసారి నోరు విప్పే మౌని, నేను. లైబ్రరీ మెట్ల కింద నేలమాళిగలో ఒక గది ఇచ్చారు. గోడల్లోంచి చెమ్మ దిగేది. ఉన్న ఒక్క బల్బు మూసెయ్యబోయే శాఖకి ఇంత వెలుతురు చాల్లే అన్నట్టు వెలిగేది. కుర్చీలు ఆరు. అందులో ఒకదానికి కాలు లేదు.

లెక్క మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మంచి కుర్చీలు ఐదు, మనుషులం ఐదుగురం, మాస్టారి లెక్కలో ఒకరు తక్కువ. మొదటి రోజు బస్సు ఆలస్యమై నేను చివరికి వచ్చాను. బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చోబోయాను.

"అది ఆవిడదమ్మా" అన్నారు మాస్టారు.

చుట్టూ చూశాను. ఏ ఆవిడా లేదు. ఆ వారం పాఠం ఆనకట్టల గురించి. నీళ్లు ఎవరికి, ముంపు ఎవరికి అన్నది విషయం. కుర్చీలో ఉన్నది ఇల్లు మునిగిపోయిన ఒక ఆవిడ. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అలా నిలబడ్డదాన్ని రెండు సెమిస్టర్లు నిలబడ్డాను.

ఇంతమంది న్యాయం చదువుకునేవాళ్లు ఒక ఆడపిల్లని ఏడాది పాటు ఎలా నిలబెట్టారని మీరు అడగొచ్చు. న్యాయం చదువుకునేవాళ్లు కాబట్టే నిలబెట్టారు. రెండో వారం నేనే ఆ మాట ఎత్తాను. మాస్టారు ముఖం వెలిగిపోయింది. "అద్భుతమైన సమస్య. పాఠం పక్కన పెడదాం" అన్నారు.

"ఎవరికి తక్కువ కష్టమో వాళ్లు నిలబడాలి. ఈ అమ్మాయి అందరికంటే చిన్నది" అన్నాడు మోకాళ్ల నొప్పుల బ్యాంకాయన.

"ముందొచ్చినవాళ్లది హక్కు. మొదటి రోజు నేను తొమ్మిదింటికే వచ్చాను" అంది లాయరమ్మ.

"వంతులు వేసుకుందాం" అన్నాను నేను. దాంతో తేలిపోతుందని అమాయకంగా అనుకున్నాను.

"వంతులు అంటే సమానత్వం. బాగుంది" అన్నారు మాస్టారు. "కానీ అందరూ సమానంగా నిలబడితే అందరి మోకాళ్లూ సమానంగా నొప్పి పెడతాయా?"

దాని మీద ఒక వారం గడిచింది. మూడో వారం మౌని నోరు తెరిచి "చీటీలు?" అన్నాడు. చీటీలో ఓడినవాడు ఆ ఓటమికి ఎందుకు కట్టుబడాలి అన్నదాని మీద ఇంకో వారం గడిచింది. చివరికి మేం ఐదుగురం ఏకగ్రీవంగా తేల్చింది ఏమిటంటే, అందరూ ఒప్పుకునే న్యాయమైన పద్ధతి ఇంకా దొరకలేదు కాబట్టి, దొరికేదాకా ఉన్న పద్ధతే నడవాలి. ఉన్న పద్ధతి ఏమిటంటే నేను నిలబడటం. దానికి నేనూ చెయ్యెత్తాను. వాదన అంత బాగుంది మరి.

"పైన లైబ్రరీలో ఎనిమిది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి సార్. ఒకటి దింపుకొస్తాను" అన్నాను ఇంకో రోజు కాళ్లు పీకుతుంటే.

"అక్కడికి రాబోయే పాఠకుడు ఒకడున్నాడు కదమ్మా. ఇంకా రాలేదు కాబట్టి వద్దని కూడా చెప్పలేడు."

ఆఫీసులో కొత్త కుర్చీ అడిగితే సూపరింటెండెంటు గారు ఫైలు మీంచి తలెత్తకుండానే, "మూసేసే దుకాణానికి కొత్త తలుపులు ఎందుకండీ" అన్నారు. ఆయన పని మా శాఖని చిక్కులేమీ లేకుండా మూసెయ్యడం. ఆ పని చాలా శ్రద్ధగా చేసేవారు.

మాస్టారి జబ్బు మా గదితో ఆగలేదు. క్యాంటీన్‌లో జనం పళ్లేలు పట్టుకుని నిలబడి తింటుంటే ఈయన బల్ల దగ్గర ఒక కుర్చీ మీద గొడుగు పెట్టి, అది వంటగదిలో ఉన్నవాళ్లదని చెప్పేవారు. ఒక ప్రొఫెసర్ రిటైరవుతుంటే వీడ్కోలు కమిటీ వాళ్లు గడియారం ఇవ్వాలా శాలువా కప్పాలా అని గంటన్నర కొట్టుకుంటున్నారట. ఈయన వెళ్లి లెక్కపెట్టి, ఒకరు తక్కువ అని చెప్పి, రిటైరయ్యే మనిషినే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన అడిగింది తను ముప్పై ఏళ్లు రాసుకున్న పాత బల్ల. అది ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోక గడియారమే ఇచ్చారనుకోండి.

ఆయనకి పెళ్లి కాకపోవడానికి కూడా ఈ జబ్బే కారణమని చెప్పుకునేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు సంబంధం మాట్లాడటానికి రెండు వైపుల పెద్దవాళ్లూ కూర్చుంటే, ఈయన తలలు లెక్కపెట్టి అమ్మాయేదని అడిగారు. పిలిచారు. కుర్చీ వేసి అడిగితే ఆ అమ్మాయి నేను వేరే అతన్ని చేసుకుంటానని చెప్పేసింది. ఆ పెళ్లి రిజిస్టర్‌లో సాక్షి సంతకం మా మాస్టారిదే.

ఇక ఆ ఖాళీ కుర్చీలో ఎవరెవరు కూర్చున్నారో చెప్పాలంటే చాలా పొడుగవుతుంది. వందేళ్ల తర్వాత పుట్టబోయే మనవడు కూర్చున్నాడు, ఓటరు జాబితాలో పేరు గల్లంతైన ముసలాయన కూర్చున్నాడు, ఫ్యాక్టరీ ఎత్తేస్తే రోడ్డున పడ్డ ఫోర్‌మన్ కూర్చున్నాడు. వాళ్లందరి తరఫునా మాస్టారే మాట్లాడేవారు. ఎంత బాగా మాట్లాడేవారంటే, గదిలో ఉన్న మేం నలుగురం ఆ ఏడాదంతా గదిలో లేనివాళ్ల చేతిలో ఓడిపోతూనే ఉన్నాం. వాదనలన్నీ ఎవరో ఒకరు మినిట్స్ పుస్తకంలో వారం వారం రాసిపెట్టాలి.

నా సిద్ధాంత వ్యాసం క్యూల గురించి. కొరతగా ఉన్నదాన్ని ముందు వచ్చి నిలబడ్డవాడికి ఇవ్వడం న్యాయమేనా అన్నది విషయం.

"ఏడాది నిలబడి, నిలబడటం గురించి రాస్తున్నావా?" అంది అమ్మ.

అదే అమ్మ జోకుల్లో ఆఖరిది అనుకున్నాను. మూడో సెమిస్టర్ మొదలవుతూనే తనకి రెండు కిడ్నీలూ చెడిపోయాయని తెలిసింది. మా ఇంట్లో మేమిద్దరమే. ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్లు నాలుగు, బయట బెంచీ మీద ముప్పై మంది. క్యూ మనిషి ముఖం చూడదు కాబట్టి అదే అన్నిటికంటే న్యాయమని నలభై పేజీలు రాసిన నేను, ఆ బెంచీ మీద అమ్మ కంటే ముందున్న ప్రతి మనిషినీ మనసులో తిట్టుకున్నాను. క్లాసుకి వెళ్లడం మానేశాను. ముప్పావు వంతు హాజరు లేకపోతే పేరు కొట్టేస్తారని తెలుసు, కొట్టేస్తే మళ్లీ చేరే దారి లేదనీ తెలుసు. తెలిసి చేసేదేముంది?

మాస్టారు వారానికోసారి వార్డుకి వచ్చేవారు. పళ్లూ తెచ్చేవారు కాదు, ధైర్యమూ చెప్పేవారు కాదు. మంచం పక్కనున్న ఒక్క స్టూలూ ఖాళీగా వదిలేసి నిలబడి నన్ను ప్రశ్నలు అడిగేవారు.

"క్యూలో ముందున్నవాడు తన చోటు వెనకవాడికి ఇస్తానంటే, మధ్యలో వాళ్లని అడగాలా అక్కర్లేదా?"

"నాకు తెలీదు సార్. మందులు తేవాలి" అనేదాన్ని. ఒక్కోసారి విసుగుతో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆయన బస్సు టికెట్ వెనక గీసుకుని వెళ్లిపోయేవారు. మనిషి ఆస్పత్రిలో పడి ఉంటే వచ్చి అడిగే ప్రశ్నలా ఇవి అని నాకు ఒళ్లు మండేది.

పదో వారం పెద్ద డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. అమ్మ గుండె బాగా బలహీనపడిందన్నాడు. ఒక ఆపరేషన్ చేసి చూద్దాం, తర్వాత నెల రోజులు ఐసీయూలో ఉండాలి, అవకాశం తక్కువే, ఆలోచించి సంతకం పెట్టండి అన్నాడు. ఆలోచించమంటూనే పెన్ను చేతిలో పెట్టాడు. నేను కాగితం గోడకి ఆనించాను. సరిగ్గా అప్పుడు మాస్టారు వచ్చారు. చిన్న డాక్టరుని, పెద్ద డాక్టరుని, నర్సుని, నన్ను చూపుడువేలితో లెక్కపెట్టారు.

"ఒకరు తక్కువ."

"ఎవరండీ మీరు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"ఈ అమ్మాయి మాస్టారిని. ఆవిడని అడిగారా?"

"పేషెంటుకి ఇవన్నీ చెప్పి భయపెట్టకూడదండీ."

"ఆవిడ ఇక్కడికి రాలేరు. మనమే వెళ్లాలి" అంటూ మాస్టారు తలుపు తోసి లోపలికి నడిచారు. ఏం చెయ్యాలో తెలియక అందరం వెనకాలే వెళ్లాం.

అమ్మ మమ్మల్నందర్నీ చూసి, "నా గురించేనా? అయితే కాస్త గట్టిగా చెప్పండి" అంది.

డాక్టరు చెప్పాడు. అమ్మ గుడ్డ కొలిచేటప్పుడు చూసినట్టు ఆయన్నే చూస్తూ విన్నది.

"అది చేయించుకుంటే ఇంటికెప్పుడు పోతాను?"

"చెప్పలేమమ్మా."

"వద్దంటే?"

"మూడు వారాలు ఉండొచ్చు."

"ఇంట్లోనేనా?"

"ఇంట్లోనే."

"అయితే ఇంట్లోనే. నా కుట్టుమిషను కిటికీ పక్కన ఉంది. కూర్చుంటే వీధంతా కనబడుతుంది." ఆ తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "మా అమ్మాయిని ఏడాది నిలబెట్టింది మీరేనా?"

"నేను నిలబెట్టలేదండీ. న్యాయమైన పద్ధతి ఇంకా దొరకలేదు."

"దొరికేదాకా మీరు నిలబడొచ్చుగా" అంది అమ్మ.

మా మాస్టారు కళ్లజోడు దించుకుని, నుదుటి మీదికి నెట్టుకుని, మళ్లీ దించుకుని వెళ్లిపోయారు.

పందొమ్మిదో రోజు పొద్దున, కిటికీ పక్కన, మిషను మీద తల వాల్చి అమ్మ పోయింది. సూదిలో దారం ఎక్కించే ఉంది. నాకు మాస్టారి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ రోజు ఆయన రాకపోతే నేను సంతకం పెట్టేదాన్ని, అమ్మ ఇంకో నెలైనా ఉండేది అనిపించేది. గొట్టాల మధ్య ఉండేదని కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గదు.

పదిహేనో వారం నా సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుందామని ఆఫీసుకి వెళ్లాను. పేరు కొట్టేసి ఉంటారు, ఆ కాగితం మీద సంతకం పెట్టి కుట్టుమిషను దగ్గర కూర్చుందామనుకున్నాను. సూపరింటెండెంటు గారు నన్ను చూసి మొదటిసారి ఫైలు మూశారు.

"సర్టిఫికెట్లు ఎందుకమ్మా?"

"హాజరు లేదు కదండీ."

"ఎవరన్నారు?" అంటూ మినిట్స్ పుస్తకం నా ముందుకి తోశారు. "నా ముప్పై ఏళ్ల సర్వీసులో రాకుండా ఇంత మాట్లాడిన మనిషిని చూడలేదు."

తెరిచి చూశాను. మూడో సెమిస్టర్ మొదటి వారం నుంచీ, కుర్చీలో ఎవరు అన్నచోట ఒకటే మాట ఉంది: గైర్హాజరైన విద్యార్థిని. పుట్టబోయే మనవళ్లూ ముంపు ఊళ్లవాళ్లూ అందరూ ఆ సెమిస్టర్ బయటే వేచి ఉన్నారు. నేను వార్డులో విసుక్కుంటూ అన్న ప్రతి మాటా అందులో ఉంది. నాలుగో వారం: "మధ్యలో వాళ్లని అడగాలా అన్న ప్రశ్నకు విద్యార్థిని జవాబు: తెలియదు, మందులు తేవాలి. ఈ వారానికి అదే సరైన జవాబని సభ అంగీకరించింది." ఏడో వారం బ్యాంకాయన ఏదో అడ్డు చెప్తే నా వ్యాసం చిత్తుప్రతిలోంచి పద్దెనిమిదో పేజీ చదివి నేనే గెలిచినట్టు రాశారు. అమ్మ పోయిన వారం చేతిరాత మౌనిది. "ఈ వారం కుర్చీ తరఫున ఎవరూ మాట్లాడలేదు. అందరూ రెండు గంటలు కూర్చున్నారు. విద్యార్థిని పాల్గొన్నట్టు నమోదు చేయడమైనది."

పుస్తకం మీద నీళ్లు పడకుండా పక్కకి జరుపుకున్నాను.

"ఇది రూలు ప్రకారం చెల్లుతుందా అండీ?"

"ఆ రూలు రాసింది ఆయనే కదమ్మా, పాతికేళ్ల కింద. సెమినార్లో హాజరంటే నమోదైన వాదన అని రాసిపెట్టారు. అప్పట్లో ఒంటిని మాత్రం తెచ్చి క్లాసులో నిద్రపోయేవాళ్లని ఆపడానికి." సూపరింటెండెంటు గారు గొంతు తగ్గించారు. "ఇదేదో మోసమని పట్టుకుందామని తొమ్మిదో వారం నేనే వచ్చాను. ఆ కుర్చీలో కూర్చోబోతే ముగ్గురూ లేచారు. రెండు గంటలు గోడకి నిలబెట్టారు. పైగా వాదనలో నీ చేతిలో ఓడిపోయాను. ఆ గోడ చెమ్మ నువ్వెలా భరించావమ్మా ఏడాది?"

కిందికి దిగాను. సెమినార్ అప్పుడే మొదలవుతోంది. అలవాటుగా గోడ దగ్గరికి వెళ్లబోతే మాస్టారు తలెత్తారు.

"కూర్చోమ్మా. నీ కుర్చీ నీదే."

కూర్చున్నాను. ఆ గదిలో మొదటిసారి బల్ల ఇంత ఎత్తు ఉంటుందని తెలిసింది. లాయరమ్మ నా చెయ్యి పట్టుకుని వదలలేదు. మాస్టారు తలలు లెక్కపెట్టారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేసి, లేచి, తన కుర్చీని బల్లకి దగ్గరగా జరిపి, వెళ్లి గోడకి ఆనుకున్నారు.

"సార్, ఆ కుర్చీ ఎవరికి?" అన్నాడు బ్యాంకాయన.

"ఈ చదువు ఎందుకని ఒకావిడ అడిగారు. ఏడాదిన్నరగా మనం జవాబు చెప్పలేదు. ఇవాళ ఈ అమ్మాయి పేపర్ ఆవిడకి చదివి వినిపిస్తుంది" అన్నారు మాస్టారు. "ఊఁ, మొదలెట్టమ్మా."

గొంతు సర్దుకుని మొదటి వాక్యం చదివాను. అది ముప్పావు పేజీ ఉంది. సగంలో ఉండగానే గోడ దగ్గర నుంచి వేలు లేచింది.

"ఆవిడకి అభ్యంతరం. ఇంత పొడుగు గుడ్డ ఒక్క చొక్కాకేనా అంటున్నారు."

అమ్మ అచ్చం అలాగే అనేది. నవ్వొచ్చింది. ఆ వాక్యాన్ని అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేశాను.

పావుగంట కాగానే మాస్టారు భుజం రుద్దుకోవడం మొదలెట్టారు. "ఈ గోడ ఇంత చల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే?"

"రెండు సెమిస్టర్లు చెప్పాను సార్."

"నువ్వు గదిలోనే ఉన్నావు కదమ్మా" అన్నారు ఆయన నిజాయితీగా. "ఎదురుగా ఉన్నవాళ్ల మాట నాకు సరిగ్గా వినబడదు."

ఆ వారం మినిట్స్ రాసే వంతు నాదని వాళ్లు అప్పటికే తేల్చేశారట, నన్ను అడక్కుండా. రాశాను. హాజరు అన్నచోట ఆరుగురు అని వేశాను. సూపరింటెండెంటు గారు ఆ అంకె దగ్గర పెన్ను ఆపి, ఆ తర్వాత సంతకం పెట్టారు.